తాతయ్య ట్రంకు పెట్టె, స్ప్లైన్ మొండితనం

మా తాతయ్య ట్రంకు పెట్టెని కంప్యూటర్లో మొదటిసారి గీసినప్పుడు అది అచ్చం బూరుగుదూది దిండులా వచ్చింది. నాలుగు మూలలకి నాలుగు పాయింట్లు పెట్టాను, వాటిని కలిపాను, ఇక పైకి లాగితే పెట్టె అయిపోతుందనుకున్నాను. పాయింట్లు ఎక్కడ పెట్టానో అక్కడే ఉన్నాయి. కానీ వాటి మధ్య గీతలు, కడుపునిండా తిని కూర్చున్నట్టు, నాలుగు వైపులా బయటికి ఉబ్బిపోయాయి. మా బాబాయి ఆ వారం ఏదో పని మీద హైదరాబాద్ వచ్చి నా గదిలోనే ఉన్నాడు. వెనక నుంచి ఓసారి తొంగిచూసి "ఏరా, ఇది పెట్టా, పరుపా?" అన్నాడు.

ఇది 2006 నాటి మాట. ఒక స్నేహితుడూ నేనూ కలిసి రెండు నిమిషాల యానిమేషన్ చేద్దామని దిగాం. ముసలాయన అటక మీంచి పెట్టె దించి, తెరిచి, లోపలి నుంచి లాంతరు తీస్తాడు, అంతే కథ. ఆ యానిమేషన్ ఎప్పటికీ పూర్తి కాలేదు, అది వేరే ఏడుపు. కానీ ఆ పెట్టె వల్ల ఒక విషయం నా బుర్రలో గట్టిగా దిగింది, ఇప్పటికీ ఎవరైనా స్ప్లైన్ సాఫ్ట్‌వేర్ (పాయింట్ల మధ్య వంపు గీతలు వేసి బొమ్మ కట్టేది) పట్టుకుని "అన్నా, సూటి గీత రావట్లేదు" అని అడిగితే ఈ పెట్టె సంగతే చెబుతున్నాను. ప్రతిసారీ చెప్పడం కన్నా రాసి పడేస్తే లింకు పంపొచ్చు కదా అని ఇప్పుడు రాస్తున్నాను.

అప్పుడు మేము వాడింది యానిమేషన్ మాస్టర్. మార్టిన్ హ్యాష్ అనే ఆయన పెట్టిన హ్యాష్ కంపెనీది, ఊరు వాంకూవర్ (కెనడాలోది కాదు, అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఇంకో వాంకూవర్ ఉంది). మిగతా త్రీడీ సాఫ్ట్‌వేర్‌లు చాలావరకు చిన్నచిన్న చదునైన పలకలు అతికించి బొమ్మ చేస్తుంటే ఇది మాత్రం గీతలతో చేసేది. గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటే మధ్యలో ఏర్పడే గడిని ప్యాచ్ అంటారు, దాని మీద తోలు పరిచినట్టు ఉపరితలం దానంతట అదే వస్తుంది. మనిషి ముఖమో, మామిడిపండో, కూజానో అయితే దీనంత హాయి ఇంకోటి లేదు, పది పన్నెండు పాయింట్లతో కూజా వచ్చేస్తుంది. బీరువా చెయ్యమంటేనే ఏడిపిస్తుంది.

ఎందుకు ఏడిపిస్తుందో తెలియాలంటే స్ప్లైన్ అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. కంప్యూటర్లు రాకముందు పడవలు, ఓడలు గీసేవాళ్ల దగ్గర పొడుగాటి పల్చటి చెక్క బద్ద ఒకటి ఉండేది, దాని పేరే స్ప్లైన్. కాగితం మీద బద్దని పెట్టి, అది ఎక్కడెక్కడ ఆగాలో అక్కడ సీసపు బరువులు ఆనించేవాళ్లు. ఆ బరువులు బాతు ఆకారంలో ఉంటాయని వాటిని బాతులనే పిలిచేవాళ్లు. బాతుల మధ్య బద్ద దానికి వీలైనంత తక్కువ కష్టంతో వంగి నిలబడుతుంది, దాని పక్కన పెన్సిలు నడిపితే ఓడ పొట్ట వంపు వచ్చేస్తుంది. 1946లో షోన్‌బర్గ్ అనే గణితవేత్త ఆ బద్ద పేరునే లెక్కల్లోకి తెచ్చాడు. మనం తెర మీద పెట్టే పాయింట్లు ఆ బాతులే, గీత ఆ బద్దే.

గాలిపటం కట్టినవాళ్లకి ఇది ఇంకా తొందరగా అర్థమవుతుంది. వెదురు పుల్లని చెక్కి విల్లులా వంచి కమాన్ పెడతాం కదా, దాన్ని ఎక్కడ పట్టుకుని ఎంత వంచినా మధ్యలో మూల రాదు. మూల కావాలని మరీ వంచితే ఫట్‌మని విరుగుతుంది. గాలిపటం అంచుకి మూల ఎక్కడ వస్తుందో చూడండి, ఒక పుల్ల చివర ఆగిపోయి కాగితమో దారమో మలుపు తిరిగే చోట. అంటే బద్దతో మూల చెయ్యాలంటే రెండే దారులు, ఆ చోట బద్దని విరవాలి, లేదా అక్కడితో ఆపేసి ఇంకో బద్ద మొదలుపెట్టాలి. నేను ఈ ఇరవయ్యేళ్లలో చూసిన స్ప్లైన్ సాఫ్ట్‌వేర్‌లలో మూల కోసం ఉన్న కిటుకులన్నీ చివరికి ఈ రెంటిలో ఒకటే, పేర్లే వేరు.

నా దిండు ఎంత ఉబ్బిందో తర్వాత ఒక రోజు తీరిగ్గా లెక్కేశాను. ఒక్కో సాఫ్ట్‌వేర్ లోపల ఒక్కో రకం లెక్క చేస్తుంది కానీ కాట్మల్, రోమ్ అనే ఇద్దరు 1974లో చెప్పిన పద్ధతి అన్నిటికన్నా సులువు, తత్వం కూడా అదే. ఒక పాయింటు దగ్గర గీత ఏ దిక్కుకి పోవాలి? దాని ముందు పాయింటు నుంచి తర్వాతి పాయింటుకి గీసిన దిక్కుకి, అందులో సగం జోరుతో. అంతే. ఇప్పుడు 90 సెంటీమీటర్ల పొడుగు, 45 వెడల్పు ఉన్న పెట్టె అడుగుకి నాలుగు మూలల్లో నాలుగు పాయింట్లు పెట్టండి. కుడిపక్క కింది మూలకి గీత వచ్చేటప్పటికి దాని చూపు అప్పటికే పై మూల మీద పడి ఉంటుంది, అందుకని అడ్డంగా పోవాల్సింది కాస్తా ఐమూలగా పోతుంది. లెక్క కడితే పొడుగు వైపు మధ్యలో సుమారు 5.6 సెంటీమీటర్లు బయటికి ఉబ్బుతుంది. పొట్టి వైపు ఎంతనుకున్నారు? 11.25. పొట్టిది తక్కువ ఉబ్బాలి కదా అనిపిస్తుంది, కానీ ఆ జోరు పక్కనున్న పొడుగు వైపు నుంచి వస్తోంది. 90 సెంటీమీటర్లు పరుగెత్తుకొచ్చినవాడు 45 సెంటీమీటర్ల సందులో మలుపు తిరగాలంటే గోడకి గుద్దుకోడా మరి. పెద్ద దూరం పక్కన చిన్న దూరం వచ్చిన ప్రతిచోటా ఇదే గొడవ, ఈ ఒక్క వాక్యం గుర్తుంటే సగం పని అయినట్టే.

సరే, మొదటి మందు. యానిమేషన్ మాస్టర్‌లో పాయింట్లని పట్టుకుని కీబోర్డు మీద పీ నొక్కితే ఆ పాయింటు దగ్గర గీత విరుగుతుంది, పీక్ అంటారు. ఓ (O) నొక్కితే మళ్లీ నునుపు. నాలుగు పాయింట్లూ పట్టుకుని పీ నొక్కాను, దిండు ఠక్కున డబ్బా అయింది. ఆ సంతోషంలో బాబాయిని నిద్రలేపబోయాను కూడా.

కానీ దీనిలో ఒక మెలిక ఉంది, కొత్తవాళ్లు ఇక్కడే పడతారు. రెండు పాయింట్ల మధ్య గీత సూటిగా రావాలంటే రెండు చివర్లూ పీక్ అయి ఉండాలి. ఒక చివర పీక్ చేసి ఇంకో చివర నునుపుగా వదిలేస్తే ఆ నునుపు పాయింటుకి ఇంకా దాని చూపు దానికే ఉంటుంది, కాబట్టి గీత ఒకవైపు బుద్ధిగా బయల్దేరి రెండోవైపుకి వచ్చేసరికి వంగుతుంది. పెట్టె మూత కోసం ఇదే అవసరం పడింది నాకు, మూత పక్కలు సూటిగా ఉండాలి, పైభాగం కొంచెం కమానులా ఉబ్బి ఉండాలి. సూటి గీత వంపులోకి మారే చోట పాయింటు పీక్ చేస్తే అక్కడ అక్కర్లేని మడత వస్తోంది, చెయ్యకపోతే సూటిది వంగుతోంది. రెండు రోజులు తల బాదుకున్నాక తెలిసిన పరిష్కారం చాలా మొరటుది. మలుపుకి కాస్త ముందు, సూటి గీత మీదే, ఇంకో పాయింటు పెట్టడం. గీతకి అప్పుడు ఎదురుగా కనిపించేది ఆ దగ్గరి పాయింటే కాబట్టి చూపు సూటిగానే ఉంటుంది, మిగిలిన కాస్త వంపూ ఆ చిన్న సందులో ఇరుక్కుపోయి కంటికి ఆనదు. లేదా పాయింటు హ్యాండిల్ (గీత దిక్కునీ జోరునీ సర్దే పిడి) తెరిచి దాని మాగ్నిట్యూడ్, అంటే జోరు, ఒక వైపు సున్నా చెయ్యొచ్చు, అదీ పనిచేస్తుంది, కానీ అంకెలతో చేసిన పనిని ఆర్నెల్ల తర్వాత మళ్లీ ఫైలు తెరిస్తే ఎందుకు చేశానో గుర్తుండదు. పాయింటు అయితే కంటికి కనిపిస్తుంది. నా ఓటు దానికే.

ఇంకో తమాషా. పక్కలు పైకి లాగాక పెట్టెకి అడుగు లేదు, ఖాళీ. నాలుగు పాయింట్లు చుట్టూ ఉన్నాయి, ఉపరితలం మాత్రం పరుచుకోదు. కారణం ఏమిటంటే చుట్టూ ఉన్నది ఒక్కటే గీత, గుండ్రంగా తిరిగి తన తోకని తానే పట్టుకున్న గీత. ప్యాచ్ పడాలంటే కనీసం రెండు వేర్వేరు గీతలు కలిసి గడి కట్టాలి. మంచం నవారు ఒక్క దిక్కుకే లాగితే పడుకోగలమా, అడ్డం నిలువు రెండూ పడాలి. ఎదురెదురు అంచుల మధ్యలో కొత్త గీత ఒకటి అడ్డంగా వెయ్యగానే అడుగు వచ్చి కూర్చుంది.

దీంతోపాటే మూల చెయ్యడానికి రెండో దారి కూడా దొరికింది, ఇది పీక్ కన్నా మంచిది అని నా అభిప్రాయం. గీతని మూల దాకా తెచ్చి అక్కడ ఆపెయ్యాలి. అదే పాయింటు నుంచి ఇంకో కొత్త గీత మొదలుపెట్టాలి. రెంటికీ చుట్టరికం లేదు, ఒకదాని చూపు ఇంకోదానికి అంటదు, కాబట్టి మడత దానంతట అదే వస్తుంది. ఒక దిక్కులో మడత కావాలి, రెండో దిక్కులో నునుపు కావాలి అన్నప్పుడు, మూత చివరి అంచులాంటి చోట, ఇది బంగారం. అడ్డంగా పోయే గీతల్ని అక్కడ ఆపేస్తాను, పొడుగునా పోయేదాన్ని వంపుగా పోనిస్తాను.

ఇంతా చేసి లైటు పెట్టి రెండర్ కొడితే (అంటే కంప్యూటర్ చేత చివరి బొమ్మ గీయిస్తే) పెట్టె చెప్పుల డబ్బాలా ఉంది. రేకుకి రంగు వేశాను, తుప్పు మరకలు వేశాను, తాళం వేశాను. అయినా అట్టపెట్టె. ఎక్కడ తప్పు జరిగిందో పట్టలేక, అప్పటికి ఊరెళ్లిపోయిన బాబాయికి ఫోన్ చేశాను.

"బాబాయ్, తాతయ్య పెట్టె మూత అంచు మందం ఎంతుందో కొంచెం చూసి చెప్పవా."

"అంచేముందిరా దానికి. లోపల తీగ పెట్టి రేకుని దాని చుట్టూ మడిచేశాడు. వేలు పెట్టి చూస్తే గుండ్రంగా ఉంటుంది."

"అంటే మూల లేదా?"

"మూలుంటే చెయ్యి తెగదా?"

రేకు పని చేసేవాళ్లకి ఇది చిన్నప్పుడే తెలిసిన సంగతి, రేకు అంచు కత్తిలా వదిలేస్తే కోస్తుంది, పైగా బలం ఉండదు, తీగ మీదికి మడిస్తే రెండు బాధలూ పోతాయి. నాకు మాత్రం అప్పటికి ఆ పెట్టె మీద కూర్చుని ఎన్నో వేసవులు గడిపినా తెలియలేదు. మూడు మిల్లీమీటర్ల గుండ్రం, అంతే. కానీ ఆ మూడు మిల్లీమీటర్లు ఏం చేస్తాయంటే, గదిలో ఎక్కడో ఉన్న లైటుని ఏదో ఒక కోణంలో పట్టుకుని కంటికి పంపుతాయి. వస్తువుల అంచుల మీద సన్నగా ఒక తెల్లటి మెరుపు గీత కనిపిస్తుంది చూడండి, అది ఇదే. నా పీక్ చేసిన మూలకి వెడల్పు లేదు, సున్నా వెడల్పు మీద వెలుగు ఎక్కడ నిలుస్తుంది? ఒక వైపు ఒక రంగు, రెండో వైపు ఇంకో రంగు, మధ్యలో ఏమీ లేదు. కాగితం మడిచినట్టు ఉండక ఏం చేస్తుంది.

కాబట్టి పీక్ చేసినవన్నీ మళ్లీ ఓ నొక్కి నునుపు చేశాను. వెంటనే దిండు మళ్లీ వచ్చింది. నవ్వొచ్చింది కూడా. ఈసారి ఒక్కో అంచుకి ఒక్క పాయింటు కాదు, నాలుగు. మధ్యలో రెండు పాయింట్లు గుండ్రం మొదలయ్యే చోటు, ముగిసే చోటు, వాటి మధ్య మూడు మిల్లీమీటర్లు. ఆ రెంటికీ చెరో పక్కన, చదును భాగం మీద, ఒక్కోటి కాపలా పాయింటు, ఇంకో మూడు నాలుగు మిల్లీమీటర్ల దూరంలో. కాపలాలు లేకపోతే ఏమవుతుందో చేసి చూడండి, 90 సెంటీమీటర్ల పరుగు మూడు మిల్లీమీటర్ల సందులోకి దూరి గీత తన మీద తానే మెలిక పడుతుంది, మూల దగ్గర చిన్న ముడిలాంటిది కనిపిస్తుంది. కాపలా పెట్టగానే ఆ జోరు దాని దగ్గరే తగ్గిపోతుంది. కాపలాని దూరం జరిపితే అంచు మెత్తగా అవుతుంది, దగ్గరికి తెస్తే గట్టిగా. రేకు పెట్టెకి దగ్గర, చెక్క పెట్టెకి కొంచెం దూరం, సబ్బుబిళ్లకి ఇంకా దూరం, ఇలా.

పెట్టె ఎనిమిది మూలల దగ్గర మాత్రం ఈ పద్ధతి చేతులెత్తేస్తుంది. మూడు వైపుల నుంచి మూడు గుండ్రటి అంచులు వచ్చి కలిసే చోట ఒక ముక్కోణపు గడి మిగులుతుంది, మూడు పాయింట్ల ప్యాచ్ మీద మెరుపు పడితే గిల్లినట్టు నొక్కుకుపోయి కనిపిస్తుంది. ఐదు పాయింట్ల ప్యాచ్ అని ఒకటుంది, గీతల్ని తిప్పి దాన్ని అక్కడికి తేవచ్చు, చేస్తారు కొందరు మహానుభావులు. నేను ఏం చేశానంటే, తాతయ్య పెట్టె మూలలకి ఎలాగూ విడిగా రేకు తొడుగులు రివెట్లు కొట్టి ఉన్నాయి కాబట్టి వాటిని వేరే ముక్కలుగా చేసి ఆ ఎనిమిది చోట్లా కప్పేశాను. అసలు పెట్టె చేసినవాడు కూడా అందుకే వేశాడేమో ఆ తొడుగులు, ఎవరికి తెలుసు.

తర్వాత కొన్నేళ్లకి నేనూ అందరిలాగే బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌కి వచ్చేశాను, ఉచితం కదా. అక్కడ బెజియర్ గీతలు. వీటి చరిత్రలో ఒక చిన్న అన్యాయం ఉంది. సిట్రోయెన్ కార్ల కంపెనీలో డి కాస్తెల్జో 1959లోనే ఈ లెక్క కట్టాడు కానీ కంపెనీ దాన్ని రహస్యంగా దాచిపెట్టింది. పోటీ కంపెనీ రెనోలో పియెర్ బెజియర్ విడిగా అదే దారిలో వెళ్లి అచ్చులో పెట్టాడు, పేరు ఆయనకి మిగిలింది. ఇద్దరికీ కావాల్సింది కారు ఒంటి వంపులే, సూటి గీత కాదు.

బెజియర్‌లో నాకు నచ్చేది ఏమిటంటే చూపు దాచిపెట్టి ఉండదు. ప్రతి పాయింటుకి రెండు చేతుల్లా రెండు హ్యాండిళ్లు బయటికి కనిపిస్తుంటాయి, గీత ఎటు పోతోందో, ఎంత జోరుగా పోతోందో అవే చెబుతాయి. బ్లెండర్‌లో వీ నొక్కితే నాలుగు రకాలు అడుగుతుంది. ఆటోమేటిక్ అంటే పాత దిండు. వెక్టర్ అంటే హ్యాండిల్ నేరుగా పక్క పాయింటు వైపు చూస్తుంది, రెండు చివర్లూ వెక్టర్ అయితే మధ్యలో గీత కొలబద్ద పెట్టినట్టు సూటిగా వస్తుంది. అలైన్డ్ అంటే రెండు చేతులూ ఒకే గీత మీద ఉండాలి, అక్కడ మడత రాదు. ఫ్రీ అంటే ఎవరి దారి వాళ్లది, మూల. మూత పక్క సూటిగా వచ్చి వంపులోకి మారే చోట నేను రెండు రోజులు కొట్టుకున్నానని చెప్పానే, ఇక్కడ అది ఒక్క నిమిషం పని, సూటి వైపు చెయ్యి వెక్టర్, వంపు వైపు చెయ్యి అలైన్డ్. సూటి గీత ఎటు చూస్తోందో అటే వంపు మొదలవుతుంది, మడత ఉండదు.

గుండ్రటి మూలకి ఒక అంకె గుర్తుపెట్టుకోండి, 0.5523. మూల గుండ్రం వ్యాసార్ధం ఎంతో దాన్ని దీనితో గుణిస్తే వచ్చినంత పొడుగు హ్యాండిల్ పెడితే పావు వృత్తం కంటికి తేడా తెలియనంత బాగా వస్తుంది. మూడు మిల్లీమీటర్లకి సుమారు 1.66. బెజియర్ ఎంత చేసినా అచ్చమైన వృత్తం కాలేడు, కానీ ఇంత దగ్గరకొచ్చాక ట్రంకు పెట్టె మూల మీద ఎవడూ కంపాస్ పెట్టి కొలవడు.

ఒక పొరపాటు నేను చేసింది చెబుతాను. సూటి గీతకి హ్యాండిల్ ఎందుకు, దండగ అని రెండింటినీ లాగి పాయింటు మీదే పడేశాను, పొడుగు సున్నా. గీత సూటిగానే వచ్చింది, చూడ్డానికి ఏ తేడా లేదు. తర్వాత అంచు పొడుగునా రివెట్లు పేర్చడానికి ఒక చిన్న స్క్రిప్ట్ రాశాను, గీతని లెక్కలో నాలుగు సమ భాగాలు చేసి ఒక్కో చోట ఒక్కో రివెట్టు. 90 సెంటీమీటర్ల అంచు మీద మొదటిది 22.5 దగ్గర పడాలి, పడింది 14 దగ్గర. నట్టనడుమ ఒక్కటి తప్ప మిగతా రివెట్లన్నీ రెండు మూలల వైపు జరిగిపోయాయి. కారణం వింటే సిల్లీగా ఉంటుంది, హ్యాండిల్ లేని గీత చివర్ల దగ్గర నెమ్మదిగా నడిచి మధ్యలో పరుగెడుతుంది, స్టేషన్ నుంచి బయల్దేరిన రైలులాగ. హ్యాండిళ్లు సరిగ్గా మూడో వంతు దూరంలో ఉంటే వేగం మొదటి నుంచి చివరిదాకా ఒకటే. వెక్టర్ పెడితే బ్లెండర్ వాటిని అక్కడే ఉంచుతుంది. దాని మానాన దాన్ని వదిలేసి ఉంటే ఒక సాయంత్రం మిగిలేది నాకు.

నర్బ్స్ అనే ఇంకో రకం స్ప్లైన్ గీతలు వాడేవాళ్లకి రెండు మాటలు, ఎక్కువ చెప్పను, నాకు దాంతో పెద్ద స్నేహం లేదు. అక్కడ మామూలు క్యూబిక్ గీత పాయింట్ల గుండా పోదు, వాటి పక్కనుంచి పోతుంది, అయస్కాంతాల మధ్య నడిచినట్టు. మూల కావాలంటే ఒకే చోట మూడు పాయింట్లు ఒకదాని మీద ఒకటి పెట్టాలి. సూటి ముక్క కావాలంటే వరసగా నాలుగు పాయింట్లు ఒకే గీత మీద ఉండాలి, మూడు ఉంటే గీత వచ్చి దాన్ని తాకి పోతుందే గాని దాని మీద నడవదు. పాయింటుకి వెయిట్, అంటే ఆ అయస్కాంతం బలం, పెంచితే మూల వస్తుందని కొందరు చెబుతారు, రాదు, దగ్గరికి వస్తూ ఉంటుంది అంతే. మొత్తం సూటి గీతలే కావాలనుకుంటే ఆర్డర్ అనే సెట్టింగుని 2 చేసెయ్యండి, గొడవ వదిలిపోతుంది. మూడు పాయింట్ల కిటుకులో ఉన్న ప్రమాదం ఏమిటంటే అవి మూడు అని చూడ్డానికి తెలియదు. ఎవరో వచ్చి ఒక్కటి పట్టుకుని జరుపుతారు, మూల మెత్తబడుతుంది, ఎందుకో ఎవరికీ అర్థం కాదు.

ఇప్పుడు చాలామంది స్ప్లైన్ జోలికే పోకుండా సబ్‌డివిజన్ (మొరటు డబ్బా గళ్లని పదేపదే చిన్నగా కోస్తూ నునుపు చేసే పద్ధతి) వాడుతున్నారు, చుట్టమే అది కూడా, కాట్మల్ క్లార్క్ అన్న పేరులో కాట్మల్ ఈ కాట్మలే. దాని ఊసు కూడా మొదట దిండే. పిక్సార్ వాళ్లు 1997లో గెరీస్ గేమ్ అనే చిన్న సినిమాలో చదరంగం ఆడే ముసలాయన్ని దాంతోనే చేశారు, ఆ మరుసటి ఏడు కొంచెం పదును, కొంచెం మెత్తన ఉండే అంచులు ఎలా చెయ్యాలో పేపరు రాశారు. బ్లెండర్‌లో షిఫ్ట్ పట్టుకుని ఈ (E) నొక్కి లాగితే వచ్చే క్రీజ్ ఆ సంతతిదే. క్రీజ్ విలువ పూర్తిగా 1 పెడితే మళ్లీ చెప్పుల డబ్బా, కాబట్టి దగ్గరగా కనిపించే వస్తువైతే నేను క్రీజ్ బదులు కాపలా గీతలే వేస్తాను.

మొన్న సంక్రాంతికి పాత హార్డ్‌డిస్క్ ఒకటి దొరికితే ఆ పెట్టెని బ్లెండర్‌లో మళ్లీ మొదటి నుంచి కట్టాను. ఈసారి మూత మీద తెల్ల రంగుతో రాసి ఉండే ఊరి పేరు కూడా పెడదామనిపించింది, అమలాపురం. తెలుగు ఫాంటు తీసుకుని అక్షరాల్ని గీతలుగా మార్చాను. మన లిపిని చూస్తే స్ప్లైన్ కనిపెట్టినవాడు ముద్దుపెట్టుకుంటాడు, అ, మ, ల అన్నీ వంపులే, చివర సున్న అయితే చెప్పక్కర్లేదు. తాటాకు మీద గంటంతో రాసేవాళ్లు కాబట్టి సూటి గీతలు గీస్తే ఆకు చీలుతుందని ఇలా గుండ్రంగా తిరిగాయి అంటారు. ఇంగ్లీషు ఈ, ఎఫ్, టీ అయితే మహా అంటే పన్నెండు వెక్టర్ పాయింట్లు పడేసి ఊరుకోవచ్చు, మన మ ఒక్కటే అంతకి మూడింతలు తింటుంది.

కానీ మూలలు లేవా అంటే ఉన్నాయి, తలకట్టు. అమలాపురంలో మూడు, మ మీద, ప మీద, ర మీద. ఆ ఒక్క చోటే కలం కిందికి దిగి టక్కున పైకి తిరుగుతుంది. అక్షరానికి కొంచెం మందం ఇచ్చి అంచు గుండ్రం చెయ్యగానే ఒళ్లంతా చక్కగా వచ్చింది, మూడు తలకట్ల దగ్గర మాత్రం నల్లటి ముళ్లు లేచాయి. అంచు పక్కకి జరిగేటప్పుడు లోపలి మూలలో రెండు వైపుల గీతలూ ఒకదాన్నొకటి దాటిపోయాయి మరి, ఆ ఇరుకు సందులో అంత గుండ్రానికి చోటు లేదు. ప మీద తలకట్టు ఒంటికి ఆనకుండా విడిగా తేలుతుంటుంది కాబట్టి దాన్ని ముందు బాగు చేశాను. లోపలి మూలలో ఉన్న ఒక్క పాయింటు తీసేసి రెండు పెట్టాను, వాటి మధ్య వెంట్రుకంత దూరం. ముల్లు పోయింది. బాబాయి పంపిన ఫొటో పెద్దది చేసి చూస్తే ఆ పెయింటరు బ్రష్షు కూడా అక్కడ కాసేపు ఆగి రంగు కొంచెం ఎక్కువ దించింది, మూల పూడుకుపోయి ఉంది.

రెండర్ చేసి వాట్సాప్‌లో బాబాయికి పంపాను. అరగంటకి ఫోన్ చేశాడు.

"బాగుందిరా. కొత్తది కొన్నావా?"

"మనదే బాబాయ్. తాతయ్యది."

"మనదానికి మూత మీద సొట్ట ఉండాలి కదరా. నువ్వే కదా గెంతింది."

నిజమే. మూత వంపు చెదరకుండా ఉండడానికి చుట్టూ ఎన్ని కాపలాలు పెట్టానో లెక్కలేదు. సొట్టకి మాత్రం మధ్యలో ఒక్క పాయింటు పట్టుకుని రెండు సెంటీమీటర్లు కిందికి నొక్కాను. చుట్టుపక్కల రేకంతా దానంతట అదే వంగి కూర్చుంది. అరనిమిషం పట్టలేదు.